నాలుగో మనిషి వేడినీళ్ళు

"ముగ్గురికే వస్తాయి. ఏం చేస్తాం మరి," అన్నాడు భర్త, మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని, ఒంట్లోంచి ఆవిర్లు రేగుతుంటే స్నానాలగది తలుపు తీసుకుని బయటికి వస్తూ.

ఆమె ఏమీ అడగలేదు. అడగకపోయినా రోజూ ఆ మాట అనడం ఆయనకు అలవాటు. గోడకున్న గీజర్ ఒకసారి కాగితే ముగ్గురి స్నానాలకు సరిపోతాయి నీళ్ళు. ముందు మామగారు, తర్వాత ఆయన, ఆ తర్వాత కాలేజీకి వెళ్ళే కూతురు. నాలుగో మనిషికి వేడినీళ్ళు కావాలంటే ముప్పావుగంట ఆగాలి. ఆమె ఆగినా ఆమె బస్సు ఆగదు. కాబట్టి పద్దెనిమిదేళ్ళుగా ఆమెవి చన్నీళ్ళే. చలికాలంలో మొదటి చెంబు భుజం మీద పడగానే ఊపిరి ఎక్కడో చిక్కుకుపోయేది. రెండో చెంబుకి పళ్ళు టకటకలాడేవి. మూడో చెంబుకి ఒళ్ళు మొద్దుబారేది, ఇక బాధ తెలిసేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నోరు తెరిచి అత్తగారితో అంటే, "నేనూ పాతికేళ్ళు ఆఖర్నే చేశానమ్మా. అలవాటైపోతుంది," అంది ఆవిడ, ఓదార్పుగానే. నిజమే, అలవాటైపోయింది. ఆవిడ పోతూ పోతూ నగలు తన కూతురికిచ్చింది, వరసలో ఆఖరి స్థానం కోడలికిచ్చింది.

భర్త ఒక ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ అధికారి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బేరం ఆడటమే పని. తనకేమీ దక్కకుండా ఎదుటివాడికి ఒక్క మేకు కూడా ఇవ్వనని గొప్పగా చెప్పుకుంటాడు. "ఊరికే ఇచ్చేవాడిని లోకం పిచ్చివాడంటుంది," అని కూతురికి పాఠం చెబుతుంటాడు, భార్య తెచ్చిచ్చిన టీ తాగుతూ. మామగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ కూరగాయల కొట్టులో త్రాసు ముల్లు నిలిచేదాకా సంచి తెరవరు. ఉద్యోగం వదిలేనాడు ఆఫీసువాళ్ళిచ్చిన ఇత్తడి లీటరు కొలపాత్ర హాల్లో అద్దాల అరలో మెరుస్తూ ఉంటుంది. ఇంత న్యాయమైన మనిషీ, ఇంత గడుసైన మనిషీ ఉన్న ఇంట్లో ఆమె రోజూ చన్నీళ్ళు పోసుకుని, బడికి వెళ్ళి పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతోంది.

ఆ వారమంతా ఆమె మనసు మనసులో లేదు. సోమవారంనాడు హెడ్మిస్ట్రెస్ గదిలోకి పిలిచి, "పెద్ద తరగతుల ఇన్‌ఛార్జి పదవి ఖాళీ అవుతోందమ్మా. నీకివ్వాలని ఉంది," అంది. పదవితోబాటు ఒక చిన్న గది, దానికో కిటికీ, తలుపు మీద తన పేరు. పదిహేనేళ్ళుగా స్టాఫ్ రూములో బీరువాకీ చేతులు కడుక్కునే సింకుకీ మధ్య ఇరుకులో కుర్చీ వేసుకుని నోటు పుస్తకాలు దిద్దిన మనిషికి కిటికీ అనగానే దాన్లోంచి ఏం కనబడుతుందో అడగాలనిపించింది. "కానీ రోజూ ఏడుంబావుకి ఇక్కడుండాలి. వచ్చే సోమవారం ఏడుంబావుకే వచ్చి సంతకం పెట్టు. రాలేదంటే ఇష్టం లేదనుకుని లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాను," అంది హెడ్మిస్ట్రెస్. బయటికి రాగానే లెక్కల మాస్టారు ఎదురై జాలిగా నవ్వాడు. "మీకెందుకు టీచర్ ఈ తలనొప్పి? ఇంటి దగ్గర ఎన్ని పనులు!" ఆయనకూ ఇల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు. ఆయన ఇంటి పనుల గురించి ఎవరూ ఎన్నడూ జాలిపడలేదు.

ఏడుంబావుకి బడిలో ఉండాలంటే ఆరున్నరకి బస్సెక్కాలి. ఆరున్నరకి బస్సెక్కాలంటే ఇంట్లో అందరికంటే ముందు ఆమె స్నానం కావాలి. ఆమె ముందు చేస్తే ముగ్గురిలో ఒకరికి చన్నీళ్ళు. పైగా పొద్దుటి వంట, ముగ్గురి భోజనం డబ్బాలు, ఇస్త్రీ, మామగారి మందులు. సాయంత్రం భయపడుతూ భయపడుతూ భర్త చెవిన వేసింది. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "చూడూ, దేనికైనా హద్దుంటుంది. పొద్దున రెండు గంటలే ఉన్నాయి, పనులు పాతికున్నాయి. అన్నీ కావాలంటే ఎలా? ఇల్లో, ఉద్యోగంలో పెద్దరికమో, ఏదో ఒకటి ఎంచుకోవాలి మరి." ఎంత నిదానంగా అన్నాడో! కోప్పడినా బాగుండేది, తిరిగి కోప్పడొచ్చు. ఎంచుకోవాలట. నిజమే, ఎంచుకోవాలి. కానీ పద్దెనిమిదేళ్ళలో ఈ ఇంట్లో ఎంచుకోవాల్సిన అవసరం ఆమెకు తప్ప ఇంకెవరికీ రాలేదేమిటి? ఆయన ప్రమోషన్ వచ్చినప్పుడు ఇల్లో ఉద్యోగమో తేల్చుకోమని ఎవరైనా అన్నారా? అందరూ మిఠాయి తిన్నారు. మిఠాయి చేసింది ఆమే.

శుక్రవారం ఎనిమిదో తరగతిలో పాఠం పేరు కొరత, ఎంపిక, మారకం. పుస్తకంలో ఉన్నది చదివితే పిల్లలు ఆవలిస్తారని, తన సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసింది. రబ్బరు, జడ క్లిప్పు, గోళీ, రంగు పెన్సిలు, బొమ్మ స్టిక్కరు, విజిల్, ఇలా ముప్పై వస్తువులు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచింది. జడ క్లిప్పు వచ్చిన పిల్లవాడి ముఖం మాడిపోయింది. గోళీ వచ్చిన అమ్మాయి మూతి ముడిచింది. "ఇప్పుడు పది నిమిషాలు టైం. మీకు నచ్చినట్టు మార్చుకోండి. ఇష్టం లేకపోతే మార్చుకోవద్దు," అంది. అంతే, క్లాసు క్లాసంతా సంతలా గోలెత్తిపోయింది. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు తొంగి చూసి వెళ్ళాడు. పది నిమిషాలయ్యాక చూస్తే దాదాపు అందరి ముఖాలూ వెలుగుతున్నాయి. కొత్తగా ఒక్క వస్తువు కూడా రాలేదు, ఉన్నవే చేతులు మారాయి. "చూశారా? ఇద్దరూ ఇష్టపడి మార్చుకుంటే ఇద్దరూ బాగుపడతారు. అదే మారకం," అని బోర్డు మీద రాసింది.

ముందు వరసలో దళసరి కళ్ళద్దాల అమ్మాయి చెయ్యెత్తింది. స్టాఫ్ రూములో ఆ పిల్లకు 'ప్రశ్నపత్రం' అని ముద్దుపేరు. "టీచర్, మీ ఇంట్లో కూడా కొరత ఉంటుందా?"

"అందరిళ్ళలోనూ ఉంటుందమ్మా. మా ఇంట్లో వేడినీళ్ళు ముగ్గురికే వస్తాయి. మేం నలుగురం. కాబట్టి నేను చన్నీళ్ళు పోసుకుంటాను. అది నా ఎంపిక."

"మరి బదులుగా వాళ్ళు మీకేమిస్తారు టీచర్?"

ఆమె నోరు తెరిచింది. జవాబు ఉంటుందనే తెరిచింది. ఏదో ఒకటి ఇస్తూనే ఉంటారు కదా, ఇన్నేళ్ళు ఊరికే ఎలా పోతాయి? వెతికింది. పిల్లలు ముప్పై మందీ కళ్ళప్పగించి చూస్తున్నారు. గంట కొట్టారు కాబట్టి బతికిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా వెతుకుతూనే ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని సర్దుబాటు అనుకుంది, కాపురం అనుకుంది, ఆఖరికి మంచితనం అని కూడా అనుకుంది. ఎనిమిదో తరగతి పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసింది, అది మారకం కాదని. ఒకవైపు నుంచే చేతులు మారుతుంటే దానికి పాఠంలో పేరే లేదు. కోపం వచ్చింది. ముందు వాళ్ళ మీద, తర్వాత తన మీద. ఇల్లు చేరేసరికి కోపం చల్లారి, దాని స్థానంలో చాలా ఏళ్ళుగా లేని హుషారు వచ్చి కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ టేబుల్ దగ్గరే కూర్చోమంది. కత్తిరించిన చీటీల కట్ట మధ్యలో పెట్టింది.

"బళ్ళో పిల్లల చేత ఆడించిన ఆట. మనం కూడా ఆడదాం. ఈ ఇంట్లో మిగతావాళ్ళ కోసం మనం చేసే పని ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాయాలి."

"నాకు నిద్రొస్తోందే," అన్నాడు భర్త.

"బేరాలుంటాయి నాన్నా," అంది కూతురు. ఆ మాట వినగానే ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

కూతురు ఒక చీటీ రాసి పెన్ను నోట్లో పెట్టుకుంది. 'అమ్మమ్మకు ఫోన్ చేసివ్వడం.' మామగారు 'పాలు తేవడం' అని గుండ్రటి అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశారు. భర్త 'కరెంటు బిల్లు', 'బల్బులు మార్చడం' అని రెండు రాసి, ఇంకా ఏదో ఉండాలే అన్నట్టు పైకప్పు వంక చూశాడు. అక్కడున్న బల్బు ఎనిమిది నెలల కిందట మార్చినది. ఆమె రాస్తూనే ఉంది. పొద్దుటి వంట. డబ్బాలు. గిన్నెలు. ఇస్త్రీ. మామయ్య మందులు. పక్కబట్టలు ఉతకడం. ఆయన మేనత్తగారి పుట్టినరోజు గుర్తుపెట్టుకోవడం. ఆయన తరఫున ఆవిడతో మాట్లాడటం. ఫ్రిజ్ తుడవడం. మురుగు గొట్టంలో వెంట్రుకలు తీయడం. ఆయన సాక్సులకు జత వెతకడం. చీటీలు టేబుల్ దాటి, పండ్ల పళ్ళెం చుట్టూ తిరిగి, మామగారి కళ్ళజోడు డబ్బా మీదకి ఎక్కాయి. నలభై ఒకటో చీటీ దగ్గర కట్ట అయిపోయింది, పనులు అయిపోలేదు. కూతురు లేచి వెళ్ళి తన నోటు పుస్తకంలోంచి కాగితాలు చింపి తెచ్చింది.

"సరే, ఇప్పుడు మార్చుకుందాం," అంది ఆమె. "మీకు ఏ పని చేసిపెట్టాలో ఆ చీటీ తీసుకోండి. బదులుగా మీరు చేసే పని చీటీ ఇవ్వండి."

భర్త వృత్తి ధర్మంగా ముందుకు వంగాడు. "ఇస్త్రీ నాకు కావాలి. బల్బులు తీసుకో."

"రోజూ చేసే పనికి ఎనిమిది నెలలకోసారి చేసే పనా? మీ ఫ్యాక్టరీలో ఎవరైనా ఈ బేరానికి వస్తే ఏం చేస్తారు?"

"గేటు దాకా తరుముతాడు," అంది కూతురు.

"పోనీ బిల్లు కూడా కలుపుతాను. రెండూ ఇస్తాను."

"ఇచ్చేస్తే అయిపోతాయి కదండీ. మరి డబ్బాకేమిస్తారు? పక్కబట్టలకి? సాక్సుల జతకి?"

పాతికేళ్ళ అనుభవం ఉన్న కొనుగోళ్ళ అధికారి తన ముందున్న ఖాళీ టేబుల్ వంక చూశాడు. ఇవ్వడానికేమీ లేకుండా బేరానికి కూర్చోవడం ఆయన జీవితంలో అదే మొదలు. ముఖం ఎర్రబడింది. "ఇదేమన్నా సంతనుకున్నావా? ఇల్లు! ప్రేమతో చేసుకునేవాటికి లెక్కలేంటి?"

ఈ మాట వస్తుందని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళూ ఈ మాట దగ్గరే ఆమె నోరు మూతపడేది. ఎందుకంటే ప్రేమ నిజంగానే ఉంది, లేదనలేదు. ఈ మనిషి జ్వరంలో ఉంటే మూడు రోజులు కన్ను మూయకుండా కూర్చున్నది ప్రేమతోనే. కానీ ఇవాళ మూతపడలేదు.

"నాకూ అదే కావాలండీ. మీరు ప్రేమతో చేసేవి కూడా రాయండి. చీటీలు ఇంకా ఉన్నాయి," అని ఖాళీ కాగితాలు ఆయన ముందుకు జరిపింది.

ఆయన విసురుగా లేచి వెళ్ళి పడకగది తలుపు వేసుకున్నాడు. "సోమవారం నేను ఆరున్నర బస్సుకి వెళ్తున్నాను. మొదటి స్నానం నాది," అని ఆ తలుపుతోనే చెప్పింది ఆమె. ఇది అడగడం కాదని చెబుతున్నప్పుడే ఆమెకు తెలిసింది. ఒళ్ళంతా తేలికైపోయింది.

టేబుల్ దగ్గర మామగారు ఒక చీటీ పట్టుకుని అలాగే కూర్చున్నారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు. 'మామయ్య కొలపాత్ర తోమడం.'

"ఇది నువ్వు తోముతావా అమ్మాయ్?"

"వారానికోసారి మామయ్యా. లేకపోతే ఇత్తడి నల్లబడిపోతుందిగా."

"అది దానంతటదే మెరుస్తుందనుకున్నాను," అన్నారాయన. తప్పు తూకం పట్టుబడిన దుకాణదారులు ఒకప్పుడు తన ముందు ఎలా నిలబడేవారో అలా ఉంది ఆయన ముఖం.

ఆదివారం పొద్దున ఆమె లేచేసరికి స్నానాలగదిలోంచి చప్పుడు. మామగారు లుంగీ ఎగ్గట్టుకుని, ఇత్తడి కొలపాత్రతో బకెట్ నింపుతున్నారు. పదిహేను లీటర్లు పట్టింది. దాని అంచు దగ్గర సుద్దముక్కతో గీత గీశారు. తర్వాత గీజర్ నీళ్ళకి చన్నీళ్ళు కలిపి, స్నానానికి సరిపడా వేడి ఉందో లేదో మోచేత్తో చూసుకుంటూ ఒక్కో బకెట్ నింపి బట్టలు ఉతికే డ్రమ్ములో పోస్తున్నారు. కూతురు గుమ్మంలో నిలబడి గోడ మీద గీతలు పెడుతోంది. ఆరో బకెట్ తర్వాత నీళ్ళు చల్లబడ్డాయి.

"ఒరేయ్, ఇటు రా," అని కొడుకుని కేకేశారు. పిలిచిన తీరుకి ఆయన పేపర్ పక్కన పెట్టి వచ్చాడు. "ముగ్గురికే వస్తాయని ఎవరు చెప్పార్రా?"

"ఎవరో చెప్పడమేంటి నాన్నా? మొదట్నుంచీ అంతేగా."

"ఆరు బకెట్లొస్తున్నాయి. నేను పోసుకునేది ఒకటి. నువ్వెన్నమ్మా?"

"రెండు తాతయ్యా," అంది మనవరాలు తల వంచుకుని.

"నువ్వు?"

"ఎవరు లెక్కపెట్టారు..."

"మూడు," అంది కూతురు. "రోజూ బయట నిలబడి నేనేగా వింటాను. గడ్డం గీసుకునేప్పుడు కుళాయి కట్టనే కట్టవు."

మామగారు కొలపాత్రని లుంగీ చెంగుతో తుడిచారు. "ముప్పై ఏళ్ళు ఊరందరి తూకాలూ పరీక్ష చేశాను. అర తులం తేడా వస్తే కొట్టు మూయించాను. ఇంట్లో కొలత ఒక్కరోజు చూడలేదు. మీ అమ్మ కూడా చన్నీళ్ళే పోసుకుని పోయిందిరా." ఆయన బకెట్ మీది సుద్ద గీతని వేలితో చూపించారు. "నలుగురం. మనిషికి బకెట్టున్నర. ఇవాళ్టి నుంచి ఇదే కొలత."

ఆమె వంటగది గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది. కొరతేమో, దేవుడిచ్చినదేమో, గీజర్ తప్పేమో అనుకుంటూ పద్దెనిమిది చలికాలాలు పళ్ళు కొరుక్కుంది. ఆరు బకెట్ల నీళ్ళు రోజూ ఆ గోడ మీదే ఉన్నాయి. అందులో ఆమెవి ఒకటిన్నర ఎప్పుడూ ఉన్నాయి. ఎవరూ కొలవలేదు. ఆమె కూడా కొలవలేదు, అదీ నిజమే. ఏడుపు అయ్యాక నవ్వు కూడా వచ్చింది.

ఆ సాయంత్రం కూతురు వచ్చి, ఇక ఆ పనులు తనవేనంటూ పక్కబట్టల చీటీ, ఫ్రిజ్ చీటీ తీసుకుంది. బదులుగా పరీక్షలప్పుడు పాఠం అప్పజెప్పించుకోవాలంది. ఆ బేరం ఇద్దరికీ నచ్చింది. మామగారు తన మందులు, తన కొలపాత్ర తానే తీసుకుని, పాలతోబాటు కూరగాయలు కూడా రాసుకున్నారు. భర్త ఏమీ తీసుకోలేదు. కానీ టేబుల్ మీద వదిలేసిన ఖాళీ కాగితాల్లో ఒకటి తగ్గిందని ఆమె గమనించింది.

సోమవారం అయిదూ ముప్పావుకి ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. సుద్ద గీత దాకా నింపింది. మొదటి చెంబు భుజం మీద పోసుకోగానే అలవాటు ప్రకారం ఊపిరి బిగపట్టింది. బిగపట్టాల్సిన అవసరం రాలేదు. వెచ్చదనం మెడ మీంచి వీపు మీదకి, వీపు మీంచి మడమల దాకా జారింది. అద్దం మసకబారింది. ఈ గదిలో తన వల్ల అద్దం మసకబారడం ఆమె ఎప్పుడూ చూడలేదు. బకెట్ అయ్యాక మిగతా సగం పట్టుకుంటుండగా తలుపు మీద టకటక.

"ఇదిగో... నాకు బకెట్టున్నర చాలదే. ఆ అర బకెట్ నాకొదిలెయ్యరాదూ?"

ఆమె కుళాయి ఇంకాస్త తిప్పింది.

"ఊరికే కాదు. వారం రోజులు ఇస్త్రీ నేను చేస్తాను."

ఆమె చేతిలో చెంబు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళలో ఆమెకు చెందిన ఒక వస్తువు కావాలని ఆయన బేరమాడటం ఇదే మొదటిసారి. అంటే అది ఆమెదేనని ఒప్పుకున్నట్టేగా!

"రెండు వారాలు," అన్నాడాయన బయట్నుంచి. కాసేపాగి, "డబ్బాలు కూడా. రాసి పెట్టాను, కావాలంటే చూడు," అంటూ తలుపు కిందనుంచి ఒక చీటీ లోపలికి తోశాడు. అంచు తడిసింది. ఆయన దస్తూరీనే.

మంచి బేరమే. క్లాసులో అయితే ఒప్పుకోమనే చెప్పేది. కానీ ఇష్టం లేకపోతే మార్చుకోవద్దని కూడా ఆ పిల్లలకి ఆమే చెప్పింది.

"డబ్బాలకి, ఇస్త్రీకి వేరే బేరం చూసుకుందామండీ, సాయంత్రం కూర్చుని. ఇది మాత్రం ఇవ్వను," అని ఆ అర బకెట్ ఎత్తి మొత్తం నెత్తి మీద గుమ్మరించుకుంది.

ఏడు గంటల పది నిమిషాలకు హెడ్మిస్ట్రెస్ గదిలో నిలబడేసరికి జుట్టు ఇంకా ఆరలేదు. భుజాల మీద జాకెట్టు తడిసింది.

"ఏంటమ్మా, తలారబెట్టుకోకుండానే వచ్చేశావు? జలుబు చేస్తుంది."

"చెయ్యదండీ. వేడినీళ్ళే."

హెడ్మిస్ట్రెస్ కాగితం ముందుకు జరిపింది. "ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా?"

కిటికీలోంచి ఆటస్థలం కనబడుతోంది. దళసరి కళ్ళద్దాల ప్రశ్నపత్రం అప్పుడే గేటు దాటి, ఎవరితోనో ఏదో మార్చుకుంటోంది.

"బేరం ఇంకా నడుస్తోందండీ," అంటూ ఆమె పెన్ను మూత తీసి సంతకం పెట్టింది.